ముగ్గుకి తెలిసిన లెక్క

పోయిన సంక్రాంతికి పొందూరులో మా పుట్టింటికి వెళ్లాను. గడప తొక్కగానే తమ్ముడు, "అక్కా, నీ మేనకోడలికి నువ్వైనా నచ్చచెప్పు" అన్నాడు. పిల్ల శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ మెకానికల్ చివరి ఏడాది. అదయ్యాక హైదరాబాదు వెళ్లి సి.ఎన్.సి. మిషన్ల పని నేర్చుకుంటానంటోంది. బుద్ధిగా బ్యాంకు పరీక్షలు రాసుకోమంటాడు వాడు. మా అమ్మయితే, "ఆడగుంటకి ఇనపముక్కలతో పనేటే?" అని ఒకటే సాధింపు.

నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. లేత్ మిషనంటే నూనె మరకలు, చెవులు చిల్లులుపడే మోత. ఇంతేగా మనకి తెలిసింది!

మర్నాడు వాకిట్లో ముగ్గు పెడుతుంటే పిల్ల పక్కన చేరింది. "మా పనీ ఇదే అత్తా. ముందు చుక్కలు, తరవాత గీతలు. మేం చుక్కలకి అంకెలు వేస్తాం. ఈ చుక్క నుంచి ఆ చుక్కకి తిన్నగా కోసుకుంటూ పో అనడానికి జి 01 అని రాస్తాం. వంపు తిరగాలంటే జి 02, జి 03. చేత్తో చక్రం తిప్పే పని మిషనే చూసుకుంటుంది."

"మరి నీకేం పని?" అన్నాను.

"చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పడం! కొన్ని మిషన్లలో 50 పక్కన దశాంశం చుక్క మరిచిపోతే, యాభై మిల్లీమీటర్లు కాస్తా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు అయిపోతుంది. ఇక టూలు విరిగినా విరిగినట్టే" అంది.

కుతూహలం పుట్టి, ఇంటికొచ్చాక ఈ విద్య చరిత్ర తిరగేశాను. చిత్రం చూడండి, దీనిదీ మగ్గం పోలికే! 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన చిల్లులు పొడిచిన అట్టలతో మగ్గానికి పువ్వులు నేర్పాడు. చిల్లున్న చోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. మన ధర్మవరం పట్టుచీరలకీ జకార్డు పనితనం తెలుసు. 1940ల చివర అమెరికాలో జాన్ పార్సన్స్‌కి హెలికాప్టరు రెక్కల వంపు చేతి లెక్కకి లొంగలేదు. చిల్లుల కార్డుల యంత్రంతో వంపు మీది చుక్కలు లెక్క కట్టించాడు. ఆ అంకెలతోనే మిషన్ను నడిపిస్తేనేం అనుకున్నాడు. 1952లో ఎం.ఐ.టి.లో చిల్లుల టేపుతో నడిచే మిల్లింగ్ మిషన్ను లోకానికి చూపించారు. 1970లలో మిషనుకే కంప్యూటరు తగిలించారు. అదే సి.ఎన్.సి.

హైదరాబాదులో 1968లోనే ఐక్యరాజ్యసమితి సాయంతో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలిసింది. పిల్ల కన్ను దానిమీదే. పని పట్టుబడితే ఆపరేటరుగా చేరి, ప్రోగ్రాములు రాయవచ్చు, కొలతల తనిఖీకి మారవచ్చు, టూల్ డిజైనరు కావచ్చు. అయితే గంటల తరబడి నిలబడాలి, రాత్రి షిఫ్టులూ ఉంటాయి. తమ్ముడి భయం ఉత్తి భయమేం కాదు.

కనుమనాడు జరిగింది మాత్రం చెప్పాలి. పిల్ల తను చేసిన చిన్న ఉక్కు ముక్కని నాయనమ్మ చేతిలో పెట్టింది. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్ననూలు వడికిన మనిషి. కళ్లు కనపడకపోయినా వేళ్లకి అన్నీ తెలుస్తాయి. బొటనవేలితో ఆ ముక్కని పదిసార్లు తడిమింది.

"గరుకన్నది నేదే! ఎవులు సేసినారే?"

"నేనే, నాయనమ్మా."

అమ్మ మరి సాధించలేదు.

తమ్ముడింకా ఔననలేదు. అయితే హైదరాబాదులో హాస్టలు ఖర్చెంతో వాకబు చేస్తున్నాడని మొన్న మేనకోడలు ఫోను చేసింది.