‘ట్రాప్’ అనే మాట

దక్కన్ పీఠభూమిలోని లావా రాళ్లకు దక్కన్ ట్రాప్స్ అని పేరు. అందులోని ‘ట్రాప్’ స్వీడిష్ మాట ‘ట్రప్పా’ నుంచి వచ్చింది; దానికి అర్థం మెట్లు. పొరలు పొరలుగా గడ్డకట్టిన లావా కోతకు గురై మెట్ల కొండలుగా మిగలడంతో ఆ పేరు. అయితే ఆ లావా దక్కన్‌లో అంతటా లేదు. సికింద్రాబాద్ కింద ఉన్నది అంతకన్నా ఎంతో పాతదైన గ్రానైట్. లావా రాయి పడమట వికారాబాద్ వైపు కనిపిస్తుంది. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలోనూ సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ లావా ఉంది. అది లోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారివచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అంచనా.

లావా ఇలా లోయల వెంట పారుతుంది కనుక, అగ్నిపర్వత ప్రమాద పటాలు గీసేదీ పాత ప్రవాహాల జాడను, నేల వాలును బట్టే. అందుకే ప్రమాదపు రంగు లోయల వెంట నాలుకల్లా సాగుతుంది. పటం చూసేవారు శిఖరం నుంచి దూరం ఒక్కటే కొలిస్తే చాలదు. 1985 నవంబరులో కొలంబియాలోని నెవాడో దెల్ రూయిజ్ పేలి, లోయ వెంట దిగిన బురద ఆర్మేరో పట్టణాన్ని ముంచింది. నెల ముందే తయారైన పటంలో ఆ పట్టణం ప్రమాద ప్రాంతంలోనే ఉంది.