విశ్వవిద్యాలయానికి గట్టు ఎక్కడ?

న్యూజెర్సీలో రూట్ 1 రహదారి నుంచి ఫారెస్టల్ క్యాంపస్ వైపు మళ్లితే చెట్ల మధ్య రెండు పరిశోధనశాలలు కనిపిస్తాయి. ఒకటి భూగోళపు వాతావరణాన్ని గణితంలోకి దింపే జియోఫిజికల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ లేబొరేటరీ. రెండోది సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమ్మీద సాధించాలని చూస్తున్న ప్రిన్స్‌టన్ ప్లాస్మా ఫిజిక్స్ లేబొరేటరీ. ఉత్తరాల మీద చిరునామా ప్రిన్స్‌టన్ అనే రాస్తారు. ఊరు మాత్రం మాది, ప్లెయిన్స్‌బరో. క్యాంపస్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానిది, పరిశోధనశాలలు రెండూ అమెరికా ప్రభుత్వానివి, ప్లాస్మా పరిశోధనశాలను ప్రభుత్వం తరఫున నడిపేది మళ్లీ విశ్వవిద్యాలయమే.

ఫలానా విశ్వవిద్యాలయం పర్యావరణానికి ఎంత మేలు చేస్తోంది, ఎంత ధర్మంగా నడుస్తోంది అని ఎవరైనా లెక్క కట్టబోతే నాకు ముందు ఈ చిరునామాయే గుర్తొస్తుంది. పొలం ఎన్ని ఎకరాలో చెప్పాలంటే ముందు గట్టు ఎక్కడుందో తేలాలి. విశ్వవిద్యాలయం అంటే తరగతి గదులేనా? అది కొన్న భూమి, పెట్టిన పెట్టుబడి, తీసుకున్న విరాళం, ఒకప్పుడు చేయించుకున్న వెట్టి కూడా అందులోకి వస్తాయా? గత అరవై ఏళ్లలో ఈ గట్టు చాలాసార్లు జరిగింది. దాన్ని ముందుకు నెట్టినవాళ్లు ఎక్కువసార్లు విద్యార్థులే.

భూమి సంగతితో మొదలుపెడతాను. ప్లెయిన్స్‌బరో పాడి ఊరు. వాకర్-గోర్డన్ డెయిరీ 1930లో ఇక్కడ రోటోలాక్టర్ అనే గుండ్రటి యంత్రాన్ని పెట్టింది. ఒకేసారి 50 ఆవులు దాని మీదికి ఎక్కేవి, అది ఒక చుట్టు తిరిగేసరికి పాలు తీయడం అయిపోయేది. పక్కనే రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థ పశువుల, మొక్కల రోగాలను శోధించేది. అక్కడే వెండెల్ స్టాన్లీ 1935లో పొగాకు మొజాయిక్ వైరస్‌ను స్ఫటికాలుగా వేరుచేసి, తర్వాత నోబెల్ అందుకున్నాడు. ఆ సంస్థ వెళ్లిపోయాక 1951లో విశ్వవిద్యాలయం 825 ఎకరాల ఆ స్థలాన్ని కొని, తమ పూర్వ విద్యార్థి, అమెరికా మొదటి రక్షణ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ పేరు పెట్టింది. అదే ఏడు ఖగోళ భౌతిక శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్ ఇక్కడ ‘ప్రాజెక్ట్ మాటర్‌హార్న్’ అనే రహస్య పేరుతో సంలీన పరిశోధన మొదలుపెట్టాడు.

1970లలో విశ్వవిద్యాలయం ఇంకో పాత్రలోకి దిగింది. చుట్టూ భూములు అడ్డదిడ్డంగా కట్టడాలతో నిండిపోకుండా చూడాలని, ఆదాయమూ రావాలని, తన స్థలంలో ఆఫీసులు, హోటలు, ఇళ్లు వచ్చేలా ఫారెస్టల్ సెంటర్‌కు పథకం వేసింది. కొంత అడవిని, ఖాళీ నేలను అలాగే ఉంచాలని ఆ పథకంలోనే రాసుకుంది. ఆ మాట నిలబెట్టుకున్నందుకు నాకు కృతజ్ఞత ఉంది, ఆ చెట్ల కింద నడుస్తున్నాను కాబట్టి. కానీ అక్కడి ఆఫీసులకు కారు లేకుండా చేరడం కష్టం. డెయిరీ 1971లో మూతపడింది. పాత పొలాల మీద ఫాక్స్ రన్, డీర్ క్రీక్, ఫెజెంట్ హాలో అంటూ అపార్టుమెంట్లు లేచాయి. నక్క, జింక, అడవికోడి పేర్లు గోడల మీద మిగిలాయి. ఎందరో తెలుగువాళ్లకు అమెరికాలో మొదటి చిరునామా ఆ ఇళ్లే. ఇంతమందిని ఇక్కడికి రప్పించిన ఉద్యోగాల్లో విశ్వవిద్యాలయ భూముల మీద వెలసినవీ ఉన్నాయి. రోజూ పొద్దున రూట్ 1 మీద బారులు తీరే ఆ కార్ల పొగ ఎవరి పద్దులో రాయాలి?

అదే నేల మీద భూతాపపు గణితమూ పెరిగింది. స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లో ఒక లెక్క వేశారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పెరుగుతుందని తేలింది. మరుసటి ఏడు వాళ్ల పరిశోధనశాల, అంటే పైన చెప్పిన రెండింటిలో మొదటిది, వాషింగ్టన్ ప్రాంతం నుంచి ప్రిన్స్‌టన్‌కు మారింది. 1975లో ఇద్దరూ కలిసి అదే ప్రశ్నను త్రిపరిమాణ నమూనాలో పెట్టి చూశారు. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రపంచమంతా విశ్వవిద్యాలయాలను ఈనాడు ఏ కొలతతో కొలుస్తోందో, ఆ కొలత వెనుక ఉన్న విజ్ఞానంలో పెద్ద భాగం ఇలా మా ఊరి చెట్ల మధ్య తయారైంది. ఒక సంస్థ ప్రపంచానికి ఇచ్చిన తెలివిడిని దాని కరెంటు బిల్లు పక్కన ఏ త్రాసులో తూచాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు.

డబ్బు ప్రశ్న మొదట లేచింది పర్యావరణం గురించి కాదు. 1969 మార్చిలో ప్రిన్స్‌టన్ నల్లజాతి విద్యార్థులు న్యూ సౌత్ భవనాన్ని ఆక్రమించారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ప్రభుత్వంతో వ్యాపారం చేసే కంపెనీల్లో విశ్వవిద్యాలయం వాటాలు ఉంచుకోవడమేమిటని అడిగారు. 1972లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ‘ది ఎథికల్ ఇన్వెస్టర్’ అనే పుస్తకం వచ్చింది. వాటాదారుగా విశ్వవిద్యాలయానికి కూడా నైతిక బాధ్యత ఉంటుందని అది వాదించింది. 1978 ఏప్రిల్‌లో ప్రిన్స్‌టన్‌లో రెండు వందల మందికి పైగా విద్యార్థులు నాసావ్ హాల్‌లో రాత్రంతా బైఠాయించారు. విశ్వవిద్యాలయం అన్ని వాటాలనూ ఒక్కసారిగా వదులుకోలేదు. కొన్ని కంపెనీలతో మాత్రమే సంబంధం తెంచుకునే పద్ధతి పెట్టుకుంది. 2006లో సూడాన్‌లోని దార్ఫూర్ మారణకాండ విషయంలోనూ ఆ దారినే నడిచింది. అలా ఇక్కడి వాదాల్లో ‘పెట్టుబడుల ఉపసంహరణ’ అనే మాటకు ‘సంబంధ విచ్ఛేదం’ అనే మాట తోడైంది. రెండోది ఎక్కువ బరువైనది. వాటాలు అమ్మేయడంతో సరిపెట్టుకోకుండా, ఆ కంపెనీ నుంచి డబ్బు తీసుకోవడమూ మానుకోవాలి.

ప్రాంగణం లోపల కొలత మొదలైంది మాత్రం పడమటి తీరంలో. 1989లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తమ క్యాంపస్ చెత్త, నీరు, విద్యుత్తు, విషపదార్థాల లెక్క తీసి ‘ఇన్ అవర్ బ్యాక్‌యార్డ్’ అనే నివేదిక రాశారు. క్యాంపస్ పర్యావరణ ఆడిట్లకు దారి వేసింది అదే. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోని తల్వార్‌లో విశ్వవిద్యాలయాల అధిపతులు కూడి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. ప్రకటనలు తర్వాత మార్కులుగా మారాయి. 2005లో ఏర్పడిన ‘ఆషీ’ అనే ఉన్నత విద్యాసంస్థల సంఘం 2010లో ‘స్టార్స్’ రేటింగ్ తెచ్చింది. కంచు, వెండి, బంగారం, ప్లాటినం అని అందులో మెట్లు. మొదటి ప్లాటినం 2015లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయానికి దక్కింది. ఇండోనేషియా విశ్వవిద్యాలయం 2010లోనే ‘గ్రీన్‌మెట్రిక్’ మొదలుపెట్టింది. ఇవన్నీ ప్రధానంగా సంస్థలు తమ గురించి తాము పంపే లెక్కల మీద నడిచేవి. పద్దు రాసేదీ గట్టు గీసేదీ ఒకే చెయ్యి అయినప్పుడు, ఏది బయట మిగిలిందో వెతికి చూసే పని చదివేవాళ్లదే.

ఈ విషయంలో ప్రిన్స్‌టన్ 2008లో తీసుకున్న నిర్ణయం నాకు ఇప్పటికీ గౌరవం కలిగిస్తుంది. 2020 నాటికి తన ఉద్గారాలను 1990 స్థాయికి తెస్తానంది. అందుకోసం ఎక్కడో చెట్లు నాటించినట్టు పత్రాలు కొని లెక్క సరిచేసుకోనంది. అప్పట్లో ఎన్నో కళాశాలలు ఆ పత్రాలనే నమ్ముకుని ‘కార్బన్ తటస్థం’ అని చెప్పుకునేందుకు సిద్ధమవుతున్నాయి. తగ్గించాల్సింది ఇక్కడే, కనిపించేలా తగ్గించాలి అనుకోవడం కష్టమైన దారి. 2012లో పక్క ఊరు వెస్ట్ విండ్సర్‌లోని తన భూమిలో 27 ఎకరాల సోలార్ ఫలకాలు పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో శాండీ తుఫాను చుట్టుపక్కల ఊళ్లను చీకట్లో ముంచినప్పుడు, సొంత విద్యుత్ కేంద్రం ఉన్న క్యాంపస్‌లో దీపాలు వెలిగాయి. అయితే ఆ కేంద్రం నడిచేది సహజవాయువుతో. తుఫానుకు తట్టుకోవడం వేరు, తుఫాన్లకు కారణమయ్యే పొగను మానడం వేరు.

ఆ రెండోదాని కోసం 2019 ప్రణాళిక 2046 నాటికి నికర శూన్యం అన్న గడువు పెట్టింది. అది విశ్వవిద్యాలయానికి మూడు వందల ఏళ్లు నిండే సంవత్సరం. దానికి ఆధారం భూమిలోకి వందల అడుగుల లోతున దించిన గొట్టాలు. వేసవిలో భవనాల వేడిని నీటితో కిందికి పంపి రాతిలో దాస్తారు, చలికాలంలో ఆ వేడినే హీట్ పంపులతో పైకి తోడుకుంటారు. ఇందుకోసం దశాబ్దాల నాటి ఆవిరి గొట్టాల బదులు వేడినీటి గొట్టాలు వేస్తున్నారు. మన పల్లెల్లో పాతర తవ్వి ధాన్యం దాచుకున్నట్టు వేడిని దాచుకోవడం. ఏ మార్కుల జాబితా కంటే ఈ తవ్వకం మీదే నాకు ఎక్కువ నమ్మకం.

పరిశోధన డబ్బు దగ్గర కథ చిక్కుపడుతుంది. 2000లో బ్రిటిష్ చమురు సంస్థ బిపి డబ్బుతో ప్రిన్స్‌టన్‌లో ‘కార్బన్ మిటిగేషన్ ఇనిషియేటివ్’ మొదలైంది. అందులోంచే 2004లో స్టీఫెన్ పకాలా, రాబర్ట్ సోకోలో ప్రసిద్ధ వ్యాసం వచ్చింది. అప్పటికే చేతిలో ఉన్న సాంకేతికతలతో ఉద్గారాల పెరుగుదలను యాభై ఏళ్లపాటు ఆపవచ్చని, ఆ పనిని ఏడు ముక్కలుగా పంచుకోవచ్చని చూపిన వ్యాసమది. ప్రపంచమంతా తరగతి గదుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చమురు డబ్బుతో చేసినందువల్ల ఆ లెక్క తప్పు కాలేదు. కానీ ఆ డబ్బు చమురు కంపెనీకి తెచ్చిన మంచి పేరు వెల ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఏళ్ల తరబడి అడగ్గా, 2022 సెప్టెంబరులో ధర్మకర్తలు 90 శిలాజ ఇంధన కంపెనీలతో సంబంధం తెంచుకున్నారు. బొగ్గు, ఇసుకల నుంచి తీసే తారు చమురు రంగాల్లోని కంపెనీలు ఆ జాబితాలో ఎక్కువ. ఎక్సాన్‌మొబిల్ ఉంది. బిపి లేదు. ఈ రెండు పేర్ల మధ్య గీత ఎందుకు అక్కడ పడిందో ఇంకా వివరంగా చెప్పి ఉండాల్సిందని నా అభిప్రాయం. ప్రశ్న తెగిపోలేదు. అయినా 1969లో భవనం ఆక్రమిస్తే తప్ప వినిపించని మాట, 2022లో సంస్థ తానే రాసుకున్న నియమంగా మారడానికి అరవై ఏళ్లలోపే పట్టింది. విశ్వవిద్యాలయాల గడియారంలో అది ఆలస్యమేమీ కాదు.

గట్టు కాలంలో వెనక్కీ జరిగింది. చరిత్రకారిణి మార్తా శాండ్‌వైస్ నాయకత్వంలో 2017లో వెలువడిన ‘ప్రిన్స్‌టన్ అండ్ స్లేవరీ’ పరిశోధన, విశ్వవిద్యాలయపు మొదటి తొమ్మిది మంది అధ్యక్షులూ ఏదో ఒక కాలంలో బానిసలను ఉంచుకున్నవాళ్లేనని తేల్చింది. 1766లో అధ్యక్షుడి ఇంటి దగ్గరే మనుషులను వేలం వేశారు. చెత్తబుట్టల రంగులను లెక్కించే మార్కుల పట్టీలో దీనికి గడి ఉండదు. అయినా ఒక సంస్థ ఎంత ధర్మంగా ఉందో తెలుసుకోవాలంటే, తన పాత పద్దుల్ని తానే తెరిచి చూపిందా అని అడగడం కంటే మంచి ప్రశ్న నాకు తోచదు.

మన దేశంలో ఈ లెక్క వేరే దారిలో వచ్చింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠంగా చేయాలంది. తర్వాత కళాశాలలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ సంస్థ ప్రమాణాల్లో ఏడవదైన ‘సంస్థాగత విలువలు’ కింద గ్రీన్ ఆడిట్ వచ్చింది. ఆంధ్ర, తెలంగాణ కళాశాలలు వాననీటి గుంతలు, ఎల్ఈడీ దీపాలు, మొక్కల ఫొటోలు జతచేసి పంపిస్తాయి. మంచిదే. కానీ 2025 మార్చి చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు, అడ్డుకున్నది ఏ ఆడిట్ నివేదికా కాదు. ఆ 400 ఎకరాలు ప్రభుత్వ భూమి అని రాష్ట్ర ప్రభుత్వం అంది. జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు ఉన్న అడవి అని విద్యార్థులు అన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది.

ఆ వారం ప్లెయిన్స్‌బరోలో మా ఇళ్లలో కూడా అదే మాట. ఇక్కడ విశ్వవిద్యాలయం తన భూమిలో కొంత అమ్మింది, కొంత అద్దెకిచ్చింది, కొంత అడవిగా వదిలింది, ఆ నిర్ణయం దాని చేతిలో ఉంది. అక్కడ 1974లో పుట్టిన విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న నేల ఎవరిదన్నదే వివాదమైంది. నెమళ్లు పొద్దున్నే ఏ వైపు నుంచి ఏ వైపుకు నడిచేవో అక్కడి హాస్టల్ పిల్లలకు తెలుసు.