కొండాపూర్ ఇళ్లలో వేడినీళ్ల లెక్క

గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచే హీట్ పంపు ఇంట్లో పెట్టించుకోవాలనుకున్న ఎవరైనా మొదట అడిగేది యంత్రం ధర. రెండొందల లీటర్ల ట్యాంకుతో వచ్చేది లక్ష రూపాయల పైమాటే. ఆ ధర విని వద్దనుకునేవాళ్లు కొందరు, కరెంటు బిల్లు తగ్గుతుందని ముందుకు వెళ్లేవాళ్లు కొందరు. కానీ హైదరాబాద్‌లోని కొండాపూర్ లాంటి చోట అసలు ఖర్చు యంత్రంలో లేదు, ఇంటి కట్టుబడిలో ఉంది. నీళ్లు కాచుకునే పద్ధతి, గది చల్లబరుచుకునే పద్ధతి ఇక్కడ మారిన ప్రతిసారీ, పాత పద్ధతికి కట్టిన గోడను కొత్త యంత్రం కోసం పగలగొట్టాల్సి వచ్చింది. ఆ పగలగొట్టుడు ఖర్చు కట్టినవాడి మీద కాక, కొనుక్కుని కాపురం ఉన్నవాడి మీద పడుతూ వచ్చింది. గత పాతికేళ్ల చరిత్ర చూస్తే ఇది తప్పనిసరి ఖర్చేమీ కాదనీ, నక్షా గీసే రోజున చేయాల్సిన పని చేయకపోవడం వల్ల వచ్చిందనీ తెలుస్తుంది.

వేడినీళ్లకు బిగింపు ఖర్చంటూ లేని రోజులు మన ఇళ్లలో చాలాకాలం నడిచాయి. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగు ఎక్కించి, కింద కట్టెలు పెడితే సరిపోయేది. కాస్త కలిగిన ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో నిలువు గొట్టం, అందులో బొగ్గులు, అడుగున బూడిద రాలడానికి జల్లెడ. పైనుంచి చెంబుతో చన్నీళ్లు పోస్తే, పోసినంత మేరా పక్క కుళాయి నుంచి వేడినీళ్లు దిగేవి. ఇల్లు మారితే బాయిలర్ కూడా బండెక్కి వెళ్లేది. గోడకూ దానికీ సంబంధం లేదు. వేడి కోసం ఇంటిని మార్చాల్సిన అవసరం కరెంటు వచ్చాక కూడా వెంటనే రాలేదు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ తర్వాతి కాలంలో సనత్‌నగర్‌లో రిఫ్రిజిరేటర్లు చేసి దేశమంతా అమ్మింది. ఫ్రిజ్ కూడా హీట్ పంపే. లోపలి వేడిని గ్యాస్ మోసుకొచ్చి వెనక జాలీ గుండా బయటికి వదులుతుంది. కొండాపూర్ ఉన్న ఈ నగరంలోనే ఈ యంత్రాన్ని తయారు చేయగలిగిన పనివాళ్లు ఉండేవారు. ఫ్రిజ్ అంత సులువుగా మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్లడానికి ఒక కారణం, అది ఇంటిని ఒక్క ప్లగ్గు తప్ప ఏమీ అడగకపోవడమే.

ఒకే యంత్రంతో భవనాన్ని వేడి చేయవచ్చు, చల్లబరచవచ్చు అని 1852లోనే లార్డ్ కెల్విన్ రాశాడు. 1938లో జ్యూరిచ్ నగర సభా భవనాన్ని హీట్ పంపుతో వెచ్చబరిచారు. చలి దేశాలు దాన్ని వేడికి వాడుకుంటే, మనం ఏసీ పేరుతో చలువకు వాడుకున్నాం. కొండాపూర్ ప్రాంతంలో ఆ చలువ ముందు వచ్చింది ఇళ్లలోకి కాదు, ఆఫీసుల్లోకి. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి చుట్టుపక్కలంతా బండరాళ్లు, తుప్పలే. ఇలాంటి భవనానికి చిల్లర్లు ఎక్కడ ఉండాలి, గాలి గొట్టాలు ఏ సీలింగు పైనుంచి పోవాలి, ఎంత లోడ్ కరెంటు కావాలి అన్నది కాగితం మీదే తేల్చుకుంటారు. బిగింపు ఖర్చు భవనం ఖర్చులోనే కలిసిపోతుంది. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడి, ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసం కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్లు లేచినప్పుడు మాత్రం ఆ పద్ధతి రోడ్డు దాటలేదు. ఒకే దారికి అటు ఆఫీసు చలువను ముందే లెక్కగట్టుకుంది. ఇటు ఇంటివాడికి తాళాలు చేతికొచ్చాకే ఆ సంగతి గుర్తొచ్చింది.

దాని ఫలితం స్ప్లిట్ ఏసీ బిగించే రోజున కళ్లకు కడుతుంది. పెట్టెతోపాటు వచ్చే రాగి పైపు సాధారణంగా మూడు మీటర్లే. బయటి యూనిట్ బాల్కనీలో పెట్టనివ్వకపోతే డక్ట్‌లోకి తీసుకెళ్లాలి, అదనపు పైపుకు మీటర్ల లెక్కన డబ్బు. గోడకు కోర్ కటింగ్, ఇనుప స్టాండు, నీళ్లు కారే డ్రెయిన్ పైపు, మీటరు నుంచి వేరే వైరు, అన్నీ విడివిడి చార్జీలే. రంధ్రాన్ని బయటివైపు కొంచెం వాలుగా వేయకపోతే నీళ్లు గదిలోకే కారతాయి. ఇరుకు డక్ట్‌లో నాలుగైదు యూనిట్లు ఒకదాని ఎదురుగా ఒకటి వేడి గాలి వదిలితే, ఆ వేడినే మళ్లీ పీల్చుకుని అన్నీ ఎక్కువ కరెంటు తాగుతాయి. ఇవేవీ మెకానిక్ తప్పులు కావు. బెడ్రూము ఎక్కడో గీసినవాళ్లు ఏసీ ఎక్కడో గీయలేదు, అంతే.

వేడినీళ్ల సంగతికొస్తే కథ ఇంకా స్పష్టం. 2006 మార్చి 3న వచ్చిన 86వ నంబరు జీవో హైదరాబాద్‌లో భవనాల విస్తీర్ణం మీద ఉన్న పాత పరిమితిని తీసేసింది. ఎత్తు పెరిగే దారి తెరుచుకుంది. అంతకుముందు స్టిల్ట్ మీద ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు అనుకుంటే ఇరవై ఇళ్లు. ఇంటికి నాలుగు చదరపు మీటర్ల సోలార్ పలక పెట్టినా ఎనభై చదరపు మీటర్లతో టెర్రస్ మీద సర్దుకోవచ్చు. అదే స్థలంలో ముప్పై అంతస్తులు లేస్తే నూట ఇరవై ఇళ్లు, నాలుగు వందల ఎనభై చదరపు మీటర్లు కావాలి. నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది పోగా అంత చోటు ఎక్కడుంది? పైగా టెర్రస్ నుంచి రెండో అంతస్తుకు ఎనభై మీటర్ల పైపు. ముప్పావు అంగుళం గొట్టమైనా అందులో పాతిక లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. వేడినీళ్లు రావాలంటే ముందు ఆ చన్నీళ్లన్నీ వదలాలి. వేసవి వస్తే ట్యాంకర్ కోసం ఎదురుచూసే పేటలో పొద్దున్నే బకెట్ నీళ్లు మోరీలో పోయడం ఎవరికి మనసొప్పుతుంది? ఎండ ఉన్న ఊళ్లో సోలార్ వెనకబడింది భవనం ఎత్తు వల్ల. హీట్ పంపుకు ఎండపొడ అక్కర్లేదు, గాలిలో వెచ్చదనం చాలు. అందుకే ఎత్తయిన భవనాలకు అది సరిగ్గా అతుకుతుంది.

ఇక్కడ సహజంగా వచ్చే అభ్యంతరం, హైదరాబాద్ చలి ఎంత, దానికింత హడావుడి ఎందుకని. లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంట్లో రోజుకు నూట యాభై లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు కాయాలంటే గీజర్‌కు ఐదు యూనిట్లకు పైగా పడుతుంది. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది కనుక రోజుకు మూడున్నర యూనిట్లు మిగులుతాయి. నెలకు నాలుగు వందల యూనిట్లు దాటి, యూనిట్‌కు 9 రూపాయల 50 పైసలు కట్టే ఇంటికి కూడా నెలకు వెయ్యి రూపాయల మిగులు. అదీ చలికాలం నాలుగు నెలలే. ఏప్రిల్, మే నెలల్లో టెర్రస్ ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. ఏడాదికి నాలుగైదు వేల మిగులుతో లక్ష రూపాయల యంత్రం ఖర్చు రావాలంటే ఇరవై ఏళ్లు దాటుతుంది. దాని మీద గోడ కోతలు, ట్యాంకు కోసం యుటిలిటీ బాల్కనీలో చోటు, ఇన్సులేషన్ పైపులు. కాబట్టి ఇప్పటికే కట్టేసిన ఫ్లాట్‌లో ఒక్క కుటుంబం విడిగా హీట్ పంపు పెట్టుకోవడం లాభసాటి కాదు. ఈ అభ్యంతరం అంతవరకు నిజమే.

కానీ అదే లెక్క ఒక ఇంటి దగ్గర ఆపితే తప్పుతుంది. కొండాపూర్ సందుసందునా ఉన్న హాస్టళ్లను తీసుకోండి. వందమంది ఉన్న చోట మనిషికి పాతిక లీటర్లయినా రోజుకు రెండున్నర వేల లీటర్లు. గీజర్లకు ఎనభై ఏడు యూనిట్లు అయ్యేచోట హీట్ పంపుకు ముప్పై లోపే. రోజుకు యాభై ఎనిమిది యూనిట్ల మిగులు, ఒకే యంత్రం, ఒకే బిగింపు. మూడొందల ఫ్లాట్ల టవర్‌లో పొద్దున ఏడింటికి ఇంటికో రెండు కిలోవాట్ల గీజర్ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆరు వందల కిలోవాట్ల భారం. ఉమ్మడి ట్యాంకులో రాత్రంతా నెమ్మదిగా కాచి ఉంచితే ఆ భారం ఉండదు. ఉమ్మడిగా చేయాలంటే మాత్రం నిలువు వేడినీళ్ల లైను, నీళ్లు పైపులో చల్లారకుండా తిరిగే రిటర్న్ లైను, ఇంటింటికీ మీటరు ముందే వేసి ఉండాలి. టైల్స్ పరిచి, జనం చేరాక ఆ పని దాదాపు అసాధ్యం.

ముందే వేస్తే బిల్డర్ ఆ ఖర్చు కూడా కొనేవాడి మీదే వేస్తాడు కదా అంటారు. వేస్తాడు. కానీ ఎంత? దీనికి జవాబు ఈ పేటలోనే ఉంది. కొత్తగూడ పక్కనున్న సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఏసీకి వెళ్లే గాలిని ముందుగానే చల్లబరిచే గాలి గోపురాలు దానికి నక్షాలోనే ఉన్నాయి. మామూలు భవనం కన్నా 18 శాతం ఎక్కువ ఖర్చయిందని, ఏడేళ్లలో తిరిగి వచ్చిందని ఆ సంస్థే లెక్క చెప్పింది. తర్వాత దేశంలో కట్టిన అలాంటి భవనాల్లో ఆ అదనపు ఖర్చు బాగా తగ్గుతూ వచ్చిందని కూడా వాళ్లే చూపించారు. మొదటిసారి చేసేవాడికి ఖరీదు ఎక్కువ, అలవాటైన పనికి తక్కువ. శ్లాబ్ పోసే రోజున వదిలే పైపు ముక్క ఖర్చుకూ, తర్వాత కాంక్రీటు కోసే ఖర్చుకూ పోలికే లేదు.

యంత్రాలు మారిపోతాయి, ఇవాళ వదిలిన రంధ్రం రేపు పనికిరాదన్నది మరో మాట. దీనికి సాక్ష్యం ఉంది. విండో ఏసీల కోసం గోడల్లో వదిలిన చదరపు కంతలను స్ప్లిట్‌లు వచ్చాక ఇటుకలతో పూడ్చేశారు. ఆ పొరపాటు ఒక యంత్రం కొలతకు కంత కట్టడంలో ఉంది. మనిషి నిలబడి పని చేయగల యూనిట్ గట్టు, గాలి ఆడే డక్ట్, ఇన్సులేట్ చేసిన వేడినీళ్ల లైను, డ్రెయిన్, సరిపడా కరెంటు లోడ్ ఏ ఒక్క యంత్రానివీ కావు. గీజర్ పోయి హీట్ పంపు వచ్చినా, రేపు దాని తర్వాతిది వచ్చినా పనికొస్తాయి. నియమం పెట్టడం కూడా కొత్తేమీ కాదు. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాల పైన కట్టే ఇళ్లకు చల్లటి కప్పును తప్పనిసరి చేసింది. కప్పుకు పెట్టిన షరతు పైపులకు పెట్టడానికి అడ్డం ఏమిటి?

కొండాపూర్‌లోనూ, దాన్ని దాటి కొత్తగా లేస్తున్న టవర్లలోనూ ఫ్లాట్ కొనబోయేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ప్లంబింగ్ నక్షా అడిగి చూడండి. వేడినీళ్ల రిటర్న్ లైను ఉందా, బయటి యూనిట్ల గట్టు ఎక్కడ, ఒక్కో ఫ్లాట్‌కు ఎన్ని కిలోవాట్ల లోడ్ తీసుకున్నారు అని నిలదీయండి. శ్లాబ్ పడ్డాక ఆ ప్రశ్న ఎవరిని అడిగినా జవాబు మీ జేబులోంచే రావాలి.