ఎవరికీ అనుబంధం కాని జట్టు

గ్లాస్గో అనగానే ఫుట్‌బాల్ పరిచయమున్న వాళ్లకి సెల్టిక్, రేంజర్స్ అనే రెండు పేర్లే గుర్తొస్తాయి. ఒకటి ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కాథలిక్కుల అండతో పెరిగింది. రెండోది ప్రొటెస్టెంట్ల జట్టుగా స్థిరపడింది. ఆ నగరపు మగవాళ్ల స్నేహాలు, పాటలు, కొట్లాటలు నూరేళ్లకు పైగా ఈ రెండింటి చుట్టూ తిరిగాయి. వరుసగా 9 సార్లు లీగ్ గెలవడం ఆ రెండు క్లబ్బులూ గర్వంగా చెప్పుకునే ఘనత. అదే నగరంలో 2008 నుంచి 2021 దాకా వరుసగా 14 సార్లు స్కాట్లండ్ లీగ్ గెలిచిన జట్టు ఇంకొకటుంది. దాని పేరు గ్లాస్గో సిటీ. అది స్త్రీల జట్టు. అంతేకాదు, ఏ పురుషుల క్లబ్బుకీ అనుబంధం కాని జట్టు.

ఈ 'అనుబంధం' అన్న మాట మనకి కొత్తది కాదు. పార్టీకి మహిళా విభాగంగా ఉండాలా, స్త్రీల సంఘంగా విడిగా నిలబడాలా అని మనం దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నాం. విభాగంగా ఉంటే ఆఫీసు, డబ్బు, జనం దొరుకుతాయి. నిర్ణయం మాత్రం పక్క గదిలో జరుగుతుంది. విడిగా ఉంటే నిర్ణయం మనదే, అద్దె కూడా మనమే కట్టుకోవాలి. ఈ వాదన ఫుట్‌బాల్ మైదానంలో ఎలా నడిచిందో చూపించే చరిత్ర గ్లాస్గో సిటీది. అయితే 1998లో ఆ క్లబ్బు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి.

1881 మే నెలలో ఎడింబరోలోని ఈస్టర్ రోడ్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ పేర్లతో రెండు స్త్రీల జట్లు ఆడాయి. స్కాట్లండ్ 3-0తో గెలిచింది. మొదటి గోల్ చేసిన లిల్లీ సెయింట్ క్లెయిర్ పేరు ఆనాటి పత్రికల్లో ఉంది. అయితే ఆడిన వాళ్లలో చాలామందివి మారుపేర్లే కావచ్చని చరిత్రకారులు అంటారు. వారం తర్వాత గ్లాస్గోలో ఆడినప్పుడు జనం మైదానంలోకి చొరబడి వాళ్ల మీద పడ్డారు. ఆట మధ్యలోనే ఆగిపోయింది. సాహిత్య చరిత్రలో స్త్రీల పేర్లు వెతికే పనిలో ఉన్న నాకు ఈ మారుపేర్లు చాలా పరిచయమైనవిగా అనిపిస్తాయి. రాసినా, ఆడినా, అసలు పేరుతో బయటికొస్తే దానికి మూల్యం చెల్లించాల్సి వచ్చేది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనికి చేరిన స్త్రీలు జట్లు కట్టారు. వాళ్ల ఆట చూడటానికి వేల మంది వచ్చారు. 1921 డిసెంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, తన క్లబ్బులు వాళ్లకి మైదానాలు ఇవ్వకూడదని ఆదేశించింది. స్కాట్లండ్ సంఘం కూడా అదే దారి పట్టింది. ఆడొద్దని ఎవరూ చట్టం చెయ్యలేదు. చోటు లేకుండా చేశారు, అంతే. అయినా 1923లో రథర్‌గ్లెన్ లేడీస్ అనే స్కాట్లండ్ జట్టు, అప్పటికి ఇంగ్లండ్‌లో అందరికంటే పేరున్న డిక్ కెర్ లేడీస్‌ని 2-0తో ఓడించింది. చాలాకాలం ఆ గెలుపు కుటుంబాల జ్ఞాపకాల్లో, పాత పత్రికల్లో తప్ప అధికార చరిత్రలో ఎక్కడా లేదు.

1971లో ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య సభ్య దేశాలు స్త్రీల ఆటని తమ పరిధిలోకి తీసుకోవాలా అని ఓటు వేశాయి. 31 దేశాలు ఔనన్నాయి. కాదన్నది ఒక్క స్కాట్లండ్. మరుసటి ఏడు నవంబరులో గ్రీనక్‌లో ఇంగ్లండ్‌తో ఆడి 3-2తో ఓడిపోయిన స్కాట్లండ్ అమ్మాయిలు తమ దేశ సంఘం గుర్తింపు లేకుండానే ఆడారు. సంఘం తలుపు తీసింది 1974లో.

ఆ గ్రీనక్ మ్యాచ్‌లో గోల్ చేసిన రోజ్ రైలీది ఎయిర్‌షైర్‌లోని స్టూవర్టన్ అనే చిన్న ఊరు. చిన్నప్పుడు అబ్బాయిలతో ఆడటానికి జుట్టు కత్తిరించుకుని, రాస్ అని పేరు మార్చుకున్నానని ఆమె చాలాసార్లు చెప్పింది. సొంత దేశంలో బతుకుతెరువు లేక ఫ్రాన్స్‌లోని రీమ్స్‌కి, అక్కణ్ణించి ఇటలీకి వెళ్లింది. 1975లో స్కాట్లండ్ స్త్రీల ఫుట్‌బాల్ సంఘం ఆమెనీ, ఎడ్నా నీలిస్‌నీ, వాళ్లని తయారుచేసిన ఎల్సీ కుక్‌నీ నిషేధించింది. నిషేధించింది స్త్రీల సంఘమే అన్న సంగతి మనం దాటేసి పోకూడదు. రోజ్ ఇటలీ జెర్సీ వేసుకుంది. అనధికార ప్రపంచ కప్పుగా చెప్పుకునే ముండియాలీటో ఫైనల్లో 1984లో పశ్చిమ జర్మనీ మీద గోల్ చేసింది. 2007లో స్కాట్లండ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి స్త్రీ అయింది. 1972లో ఆడిన వాళ్లకి అధికారికంగా టోపీలు ఇచ్చింది మాత్రం 2019లో. దేశం తరఫున ఆడినట్టు ఆ దేశం ఒప్పుకోవడానికి 47 ఏళ్లు పట్టింది.

ఈ నేపథ్యంలో 1998లో లారా మాంట్‌గోమరీ, కరోల్ ఆన్ స్టూవర్ట్ అనే ఇద్దరు క్రీడాకారిణులు గ్లాస్గో సిటీని పెట్టారు. తమ ఆటని ఎవరి ఖాళీ సమయానికో, ఎవరి దయకో వదిలెయ్యకుండా తామే నడుపుకోవాలన్నది వాళ్ల పట్టుదల. మొదటి లీగ్ టైటిల్ 2005లో వచ్చింది. తర్వాతి రెండేళ్లు హైబర్నియన్ గెలిచింది. 2007-08 నుంచి మొదలైన వరుస, కోవిడ్ వల్ల రద్దయిన 2020 సీజన్ని దాటి, 2020-21 దాకా సాగింది. 2014లో జ్యూరిక్ జట్టుని ఓడించి ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ చేరిన మొదటి స్కాట్లండ్ స్త్రీల క్లబ్బు అయింది. అక్కడ పారిస్ చేతిలో రెండు మ్యాచ్‌లూ కలిపి 7-0తో ఓడింది. ఇంతా చేసి ఆ జట్టుకి సొంత మైదానం లేదు. చాలామందికి పగలు ఉద్యోగమో చదువో, సాయంత్రం శిక్షణ. పెద్ద డబ్బున్న దేశాలతో తలపడితే ఆ తేడా స్కోరులో కనిపించేది.

అయినా ఆ చిన్న క్లబ్బు నుంచి ఎంతమంది వచ్చారో చూడండి. దేశం తరఫున వందకు పైగా మ్యాచ్‌లు ఆడిన లియాన్ రాస్ ఆ టైటిళ్లలో చాలావాటిలో భాగస్వామి. ఎరిన్ కత్‌బర్ట్ ఇక్కణ్ణించే చెల్సీకి వెళ్లింది. 2019లో స్కాట్లండ్ మొదటిసారి ప్రపంచ కప్పుకి వెళ్లినప్పుడు ఆ జట్టులో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు గ్లాస్గో సిటీకి ఆడినవాళ్లే. అదే ఏడు కప్పు ఫైనల్లో హైబర్నియన్‌ని 4-3తో ఓడించిన ఆఖరి నిమిషపు గోల్ ఐరిష్ అమ్మాయి క్లేర్ షైన్‌ది. తన మద్యం వ్యసనం గురించీ, మానసిక వేదన గురించీ ఆమె 2022లో దాపరికం లేకుండా పుస్తకం రాసింది.

ఇక డబ్బు సంగతి. 2019, 2020ల్లో రేంజర్స్, సెల్టిక్ తమ స్త్రీల జట్ల మీద ఖర్చు పెట్టడం మొదలుపెట్టాయి. దీన్ని ఆక్రమణ అని కొట్టిపారేస్తే సరిపోదు. 2020 జనవరిలో మణిపూర్‌కి చెందిన బాలాదేవి రేంజర్స్‌తో వృత్తి ఒప్పందం మీద సంతకం చేసింది. భారత స్త్రీలలో అలాంటి అవకాశం ఆమెకే మొదటిది. ఆట ఆడి జీతం తీసుకోవడం చిన్న విషయం కాదు. సాయంత్రపు శిక్షణతో, పగటి ఉద్యోగంతో సరిపెట్టుకోమని ఏ అమ్మాయికీ మనం నీతులు చెప్పలేం. 2021-22లో లీగ్ రేంజర్స్‌కి పోయింది.

కానీ పెద్ద ఇంటి నీడ ఎంతకాలం ఉంటుందో ఆ ఇంటివాళ్లే తేలుస్తారు. పక్కనే ఇంగ్లండ్‌లో, 2007లో చార్ల్‌టన్ పురుషుల జట్టు కింది డివిజన్‌కి దిగిపోగానే కోత పడింది స్త్రీల జట్టు మీద. లింకన్ స్త్రీల జట్టు 2014లో నాట్స్ కౌంటీ పేరు కిందికి మారింది. మూడేళ్లకి, 2017లో, కొత్త పోటీలు మొదలవబోతుండగా యజమాని ఆ జట్టుని మూసేశాడు. అప్పు మగవాళ్ల ఖాతాలోదైనా ముందు కనిపించే 'అనవసర ఖర్చు' స్త్రీలే. 1921లో మైదానం ఇవ్వకపోవడం, 2017లో జట్టుని రద్దు చెయ్యడం ఒకే తర్కం నుంచి పుట్టాయి. చోటు వాళ్లది, మనం అతిథులం.

2023 మేలో ఆఖరి రోజు ఆటకి గ్లాస్గో సిటీ, రేంజర్స్ సొంత మైదానం ఐబ్రాక్స్‌కి వెళ్లింది. అప్పటికి లియాన్ రాస్ జట్టుకి కోచ్. అదనపు సమయంలో లారెన్ డేవిడ్సన్ గోల్ కొట్టింది. 1-0. రెండు మహా క్లబ్బుల్నీ వెనక్కి నెట్టి లీగ్ మళ్లీ గ్లాస్గో సిటీకే దక్కింది. 2024లో సెల్టిక్, 2025లో హైబర్నియన్ గెలిచాయి. నాలుగు సీజన్లలో నలుగురు విజేతలు. పోటీ పెరిగింది, చూసేవాళ్లు పెరిగారు. ఇది మంచిదే.

14 టైటిళ్ల వరుస మళ్లీ ఎవరికీ రాకపోవచ్చు. రావాల్సిన అవసరమూ లేదు. గ్లాస్గో సిటీ సీజన్ల పట్టికలో నాకు విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. మారుపేర్లు లేకుండా, టోపీ కోసం 47 ఏళ్లు ఎదురుచూడకుండా, ఎవరు ఎప్పుడు ఆడారో, ఎవరు గోల్ చేశారో స్త్రీలే నడిపిన క్లబ్బు స్త్రీల పేర్లతోనే రాసిపెట్టుకుంది. పెద్ద క్లబ్బుల్లో ఆడుతున్న ఈనాటి అమ్మాయిలకి కూడా జీతంతోపాటు ఆ పుస్తకం మీద, ఆ తలుపు తాళం మీద హక్కు కావాలి. అది ఎవరూ ఇవ్వరు కాబట్టే ఒకసారి ఇద్దరు స్త్రీలు తమ క్లబ్బు తామే పెట్టుకున్నారు.