రంగస్థల వెలుగు ఖడ్గం: ఎల్‌ఈడీకి తగిన రెసిస్టర్ ఎంపిక

వెలుగు ఖడ్గం అనగా పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో ఎల్‌ఈడీ దీపాలను వరుసగా అమర్చి, పిడిలో బ్యాటరీని దాచి, ఇంటివద్దనే తయారు చేసుకునే నాటక సామగ్రి. పాఠశాల వార్షికోత్సవాలలోను, జాతరల సందర్భంగా ఆడే పౌరాణిక నాటకాలలోను, సరిహద్దుకు ఆవలనున్న మనవారు చూసే బయలాట, తెరుక్కూత్తు ప్రదర్శనలలోను అట్టకత్తికి బదులుగా దీనిని వాడుకోవచ్చు.

ఇటువంటి ఖడ్గం ప్రదర్శన మధ్యలో ఆరిపోయినా, ఒక్కొక్క దీపమే మాడిపోతూ వచ్చినా ముందుగా చూడవలసినది రెసిస్టర్‌నే. ఒక కప్పు టీ ఖరీదుకంటే తక్కువకు దొరికే ఈ చిన్న వస్తువును వదిలివేయడం గాని, చేతికి అందినదాన్ని వేయడం గాని అందుకు తరచు కారణం. దానిని ఎంచుకొనే లెక్క హైస్కూలు విద్యార్థి చేయగలిగినదే.

రెసిస్టర్ ఎందుకు?

పాతకాలపు టార్చి బల్బుకు దాని వోల్టేజికి సరిపడే సెల్లులు వేస్తే చాలు. ఎంత కరెంటు కావాలో ఆ బల్బులోని తీగయే నిర్ణయిస్తుంది. ఎల్‌ఈడీ అట్లా కాదు. ఒక హద్దు వరకు అది దాదాపు ఏమీ తీసుకోదు. ఆ హద్దు దాటిన తరువాత వోల్టేజి కొద్దిగా పెరిగినా కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చెరువునిండా నీరున్నప్పుడు తూము లేకుండా గట్టుకు గండి కొడితే ఏమగునో, రెసిస్టర్ లేని ఎల్‌ఈడీకి అదే అగును. ఆ తూమే రెసిస్టర్. మిగులు వోల్టేజిని అది తనపై వేసుకొని, కరెంటును హద్దులో ఉంచుతుంది.

సామాన్యమైన 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీకి నిరంతరంగా 20 మిల్లీ ఆంపియర్లు గరిష్ఠ పరిమితి. 15 మిల్లీ ఆంపియర్లకు లెక్క వేసుకోవడం క్షేమం. కాంతి తేడా కంటికి అంతగా తెలియదు. చీకటి వేదికపై 10 మిల్లీ ఆంపియర్లు కూడా చాలును.

రంగును బట్టి వోల్టేజి

ఎల్‌ఈడీ వెలుగుటకు కావలసిన వోల్టేజి దాని రంగును బట్టి మారుతుంది.

• ఎరుపు: 1.8 నుండి 2.2 వోల్టులు (లెక్కకు 2.0)
• పసుపు: 2.0 నుండి 2.2 వోల్టులు (లెక్కకు 2.0)
• నీలం, తెలుపు, మిక్కిలి ప్రకాశవంతమైన ఆకుపచ్చ: 3.0 నుండి 3.4 వోల్టులు (లెక్కకు 3.2)

కావున ఎరుపు ఖడ్గానికి కుదిరిన రెసిస్టర్ నీలం ఖడ్గానికి కుదరదు. రంగు మార్చినప్పుడెల్లా లెక్క మరల వేయవలసి ఉంటుంది.

లెక్క

జర్మనీ శాస్త్రవేత్త గేయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమే దీనికి ఆధారం.

రెసిస్టర్ విలువ (ఓమ్‌లలో) = (బ్యాటరీ వోల్టేజి − ఎల్‌ఈడీ వోల్టేజి) ÷ కరెంటు (ఆంపియర్లలో)

15 మిల్లీ ఆంపియర్లు అనగా 0.015 ఆంపియర్. ఉదాహరణకు మూడు పెన్సిల్ సెల్లులు (4.5 వోల్టులు), ఒక తెల్ల ఎల్‌ఈడీ తీసుకుందాం. 4.5 నుండి 3.2 తీసివేయగా మిగులు 1.3 వోల్టులు. దానిని 0.015తో భాగిస్తే సుమారు 87 ఓమ్‌లు. ఆ విలువ అంగడిలో దొరకదు. సాధారణంగా దొరికే శ్రేణి 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82. తరువాత వీటికి పది రెట్లు, నూరు రెట్లు. లెక్కలో వచ్చిన సంఖ్యకు పైనున్న విలువనే తీసుకోవాలి; కిందిది కూడదు. ఇక్కడ 100 ఓమ్‌లు. అప్పుడు కరెంటు 13 మిల్లీ ఆంపియర్లు. కొత్త సెల్లులు ఒక్కొక్కటి 1.6 వోల్టులు ఇచ్చినా కరెంటు 16 దాటదు.

తరచు అవసరమయ్యే విలువలు (ఒక్కొక్క ఎల్‌ఈడీకి విడిగా):

• 4.5 వోల్టులు, ఎరుపు లేక పసుపు: 180 ఓమ్‌లు
• 4.5 వోల్టులు, తెలుపు లేక నీలం: 100 ఓమ్‌లు
• 5 వోల్టులు (పవర్ బ్యాంకు), తెలుపు లేక నీలం: 120 ఓమ్‌లు
• 6 వోల్టులు, తెలుపు లేక నీలం: 220 ఓమ్‌లు
• 9 వోల్టులు, ఎరుపు లేక పసుపు: 470 ఓమ్‌లు
• 9 వోల్టులు, తెలుపు లేక నీలం: 390 ఓమ్‌లు

మరల ఛార్జి చేసే పెన్సిల్ సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు మాత్రమే. మూడింటికి 3.6 వోల్టులే కనుక తెల్ల దీపాలు మసకగా వెలుగుతాయి, నాలుగు వేయాలి. నాలుగింటికి 120 ఓమ్‌లు సరిపోవును గాని, మరునాడు ఇంట్లో మరొకరు అదే పెట్టెలో మామూలు సెల్లులు వేస్తే కరెంటు 23 మిల్లీ ఆంపియర్లకు చేరి పరిమితి దాటుతుంది. పెట్టెలో ఏ సెల్లులు పడతాయో చెప్పలేనప్పుడు 220 ఓమ్‌లే వేయుట మేలు.

ఒకే రెసిస్టర్ అందరికీ చాలదా?

60 సెంటీమీటర్ల కత్తికి 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పన్నెండు దీపాలు పడతాయి. అన్నింటినీ పక్కపక్కనే సమాంతరంగా కలిపి మొదట్లో ఒకే రెసిస్టర్ వేస్తే పని తగ్గుతుందని తోచవచ్చు. అది తగదు. ఒకే పొట్లంలోని ఎల్‌ఈడీలు కూడ అచ్చంగా ఒక్క తీరున ఉండవు. తక్కువ వోల్టేజికే వెలిగేది ఎక్కువ కరెంటు లాగుకొంటుంది, వేడెక్కుతుంది. వేడెక్కినకొద్దీ దానికి కావలసిన వోల్టేజి ఇంకా తగ్గి, కరెంటు ఇంకా పెరుగుతుంది. చివరకు అది మాడిపోతుంది. దాని భాగం మిగిలినవాటిపై పడుతుంది. కావున ప్రతి శాఖకు దాని రెసిస్టర్ దానికే ఉండాలి.

9 వోల్టుల బ్యాటరీతో రెండు మూడు దీపాలను ఒకదాని వెనుక ఒకటిగా వరుసలో కలిపి, వరుసకు ఒక రెసిస్టర్ వేయవచ్చు. ఎర్రవి మూడైతే 6 వోల్టులు పోగా మిగిలే 3 వోల్టులకు 220 ఓమ్‌లు. నీలం లేక తెల్లవి రెండైతే 6.4 పోగా మిగిలే 2.6 వోల్టులకు 180 ఓమ్‌లు. తెల్లవి మూడు వరుసలో పెడితే 9.6 వోల్టులు కావలసి వస్తుంది. బ్యాటరీకి అంత లేదు గనుక సరిగా వెలుగవు.

వాట్లు, రంగు పట్టీలు

రెసిస్టర్ తనపై వేసుకొన్న వోల్టేజిని కరెంటుతో గుణిస్తే అది వేడిగా మార్చే శక్తి వాట్లలో వస్తుంది. దానికి కనీసం రెట్టింపు ఓర్చుకొనే రెసిస్టర్‌ను కొనాలి. 9 వోల్టుల బ్యాటరీపై 470 ఓమ్‌లతో ఒక ఎర్ర దీపానికి 7 వోల్టులు × 0.015 ఆంపియర్ = సుమారు 0.1 వాటు. అంగళ్లలో దొరికే పావు వాటు రెసిస్టర్ పై పట్టికలోని అన్నింటికీ సరిపోతుంది.

అంగడి పలక కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా రెసిస్టర్‌పై రంగుల భాష ఒక్కటే. నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. నాలుగు పట్టీల రెసిస్టర్‌లో మొదటి రెండూ అంకెలు, మూడవది వాటి పక్కన చేర్చవలసిన సున్నల సంఖ్య. నాలుగవది బంగారు రంగైతే విలువలో 5 శాతం హెచ్చుతగ్గు ఉండవచ్చునని అర్థం. గోధుమ-నలుపు-గోధుమ 100, గోధుమ-బూడిద-గోధుమ 180, ఎరుపు-ఎరుపు-గోధుమ 220, పసుపు-ఊదా-గోధుమ 470. దీపపు వెలుగులో ఎరుపు, నారింజ, గోధుమ రంగులు ఒకదానికొకటి పోలుతాయి గనుక పగటి వెలుతురులో చూడుట, మల్టీమీటరుతో సరిచూచుట మంచిది.

ఏ బ్యాటరీ?

పిల్లలు పట్టుకొనే ఖడ్గానికి మూడు లేక నాలుగు పెన్సిల్ సెల్లులే తగినవి. పన్నెండు తెల్ల దీపాలకు 100 ఓమ్‌ల చొప్పున వేస్తే మొత్తం కరెంటు 156 మిల్లీ ఆంపియర్లు. ఆల్కలైన్ సెల్లులు ఒక రాత్రి ప్రదర్శనకు చాలును. చతురస్రపు 9 వోల్టుల బ్యాటరీ పిడిలో సులభంగా ఇముడుతుంది గాని, దానిలో నిల్వ తక్కువ, త్వరగా మసకబారుతుంది.

పాత లాప్‌టాప్ బ్యాటరీల నుండి తీసిన 18650 లిథియం సెల్లులను వాడరాదు. రక్షణ లేని లిథియం సెల్లు రెండు కొసలు తగిలితే క్షణాలలో మంటలు రేగవచ్చు. ఒకరి కత్తి మరొకరి కత్తికి తగిలే ఆటలో తీగ తెగుట సహజమే గనుక ఈ జాగ్రత్త తప్పదు.

అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. పండుగకు గుమ్మానికి కట్టే సీరియల్ దీపాల దండను కత్తిరించి ఖడ్గంలో పెట్టడం ప్రాణాంతకం. ఇట్టి దండలలో అనేకం నేరుగా 230 వోల్టుల గోడ కరెంటుపై పనిచేస్తాయి. దండలో దీపం చిన్నదైనా, దాని తీగ ఇంటి మెయిన్ తీగతో సమానమే. చెమట పట్టిన చేతికి ఆ తీగ తగిలితే ఏ రెసిస్టరూ కాపాడదు. ఖడ్గానికి బ్యాటరీ తప్ప మరొకటి కూడదు.

12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ కొన్నవారు వేరే రెసిస్టర్ వేయనక్కరలేదు. సాధారణంగా మూడేసి దీపాలకొకటి చొప్పున అవి పట్టీపైనే ఉంటాయి. వాటిపై 151 అని ఉంటే 150 ఓమ్‌లు, 331 అని ఉంటే 330 ఓమ్‌లు. పట్టీని గీత గుర్తున్న చోటనే కత్తిరించాలి.

అమరిక, పరీక్ష

ఎల్‌ఈడీ పొడుగు కాలు ధనం, పొట్టి కాలు రుణం. దీపపు అంచు చదునుగా ఉన్న వైపు కూడ రుణమే. రెసిస్టర్‌కు ఆ భేదం లేదు; దానిని ఏ కాలికి కలిపినా ఫలితం ఒక్కటే.

కత్తి విసరునప్పుడు ఒంటి తీగ విరుగుతుంది గనుక అనేక పోగుల సన్న తీగను వాడి, ప్రతి అతుకుపైనా ప్లాస్టిక్ తొడుగు ఎక్కించాలి. కత్తికి మెరుపు కోసం అంటించే వెండి కాగితం విద్యుత్తును ప్రవహింపజేయవచ్చు. అది బయటనే ఉండాలి, లోపలి కాళ్లకు తగలరాదు. గొట్టం లోపల ట్రేసింగ్ కాగితం చుట్టితే వెలుగు చుక్కలు చుక్కలుగా గాక కత్తి పొడవునా పరచుకొంటుంది. ఎదుటివారి కళ్లకూ శ్రమ తగ్గుతుంది.

గొట్టంలో బిగించే ముందు ఒక్క శాఖనే బ్యాటరీకి కలిపి, మల్టీమీటరుతో రెసిస్టర్ రెండు చివరల మధ్య వోల్టేజి చూడాలి. దానిని ఓమ్‌లతో భాగిస్తే నిజంగా పారే కరెంటు తెలుస్తుంది. 100 ఓమ్‌లపై 1.3 వోల్టులు కనిపిస్తే 13 మిల్లీ ఆంపియర్లు. 2 వోల్టులు దాటితే ఎక్కువ విలువ గల రెసిస్టర్ వేయాలి. తరువాత అన్ని శాఖలనూ కలిపి అరగంట వెలిగించి ఉంచి, రెసిస్టర్లను, సెల్లులను, అతుకులను చేతితో తాకి చూడాలి. గోరువెచ్చదనం సహజం. చేయి పెట్టలేనంత వేడి ఎక్కడ ఉన్నా ఆ ఖడ్గం వేదికపైకి వెళ్లకూడదు.

పని ముగిసిన తరువాత సెల్లుల సంఖ్య, రకం, దీపాల రంగు, రెసిస్టర్ విలువ ఒక చీటీపై వ్రాసి పిడి లోపల అంటించుట మంచిది. మరుసటి సంవత్సరం దీపం మార్చేవారికి ఆ నాలుగు మాటలు చాలును.