పుష్పకానికి పాఠాంతరాలు

ఆర్నెల్లుగా మా వరండాలో ఒక స్కూటరు విప్పి పోసి ఉన్నది. పాత దుప్పటి మీద నట్లూ బోల్టులూ, పచ్చడి జాడీ మూతలో చిన్న స్ప్రింగులూ వాషర్లూ, గోడకు చేరవేసిన రెండు చక్రాలూ, వాటి పక్కన స్టెప్నీ. మొన్న చూడవచ్చిన పూర్వవిద్యార్థి ఒకడు, "తాళపత్రాలు పరిష్కరిస్తారనుకొన్నాను గాని, తుప్పును పరిష్కరిస్తారనుకోలేదు సార్!" అన్నాడు. అప్పటికి నవ్వి ఊరుకొన్నాను. రాత్రి పడుకొన్న తరువాత ఆ మాట మళ్ళీ గుర్తుకు వచ్చింది. వాడు వేళాకోళానికి అన్నా, సరియైన మాటే అన్నాడేమో అనిపించింది. ఈ టపా వాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

స్కూటరు పేరు ఆల్విన్ పుష్పక్. యాభై దాటిన హైదరాబాదు వారికి ఈ పేరు వినగానే ఏదో తడుతుంది. చిన్నవారికి ఆల్విన్ అంటే మియాపూరు దగ్గర ఒక చౌరస్తా, కూకట్‌పల్లిలో ఒక కాలనీ, అంతే. 1942లో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధీ, అలాద్దీన్ అండ్ కంపెనీ అనే వర్తక సంస్థా కలిసి హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను నెలకొల్పాయి. అలాద్దీన్ పేరు నుండి వచ్చిందే ఆల్విన్. (ఈ వ్యుత్పత్తి తెలియక ఎవరో ఆంగ్లేయుడి పేరనుకొనేవాణ్ణి చాలాకాలం.) ఇనుప బీరువాలు, బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, తరువాతి కాలంలో చేతిగడియారాలు, జపాను నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీలు, ఇలా ఆ సంస్థ చేపట్టని పని లేదన్నట్లు ఉండేది. చివరకు ముక్కలై, లారీల విభాగం మహీంద్రాకూ, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కూ వెళ్ళిపోయాయి. బీరువాలు మాత్రం ఇంకా చాలా ఇళ్ళలో నిలిచే ఉన్నాయి. మా ఇంట్లోదీ ఉన్నది, తాళం ఒక్కటే సరిగా పడదు.

స్కూటరుకు వంశవృక్షం ఇంకా పెద్దది. ఇటలీలో మిలాన్ నగరం పక్కన లాంబ్రో అని ఒక చిన్న నది. ఆ నది పేరు మీదనే లాంబ్రాతె అనే పేట, ఆ పేటలో ఇన్నోసెంటి వారి కర్మాగారం, అందులో పుట్టిన స్కూటరు లాంబ్రెట్టా. ఇటలీలో దాని ఉత్పత్తి ఆగిపోయిన రోజులలో, 1972లో, భారత ప్రభుత్వం లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థను స్థాపించి, ఆ యంత్రసామగ్రినీ హక్కులనూ కొని తెచ్చింది. అక్కడ తయారైనది విజయ్ సూపర్. అదే యంత్రాన్ని రాష్ట్రాల సంస్థలకు ఇచ్చి, ఎవరి పేరుతో వారు అమ్ముకొనే ఏర్పాటు జరిగింది. మన రాష్ట్రానికి వచ్చిన రూపం పుష్పక్. అంటే ఒకే మూలానికి లక్నో ప్రతి ఒకటి, హైదరాబాదు ప్రతి ఒకటి అన్నమాట. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ వారు పియాజియోతో కలిసి వెస్పా కూడా చేశారు గాని, అది వేరే శాఖ. వెస్పాకు రేకు శరీరమే అస్థిపంజరం, ఇంజను కుడిపక్కకు ఉంటుంది. లాంబ్రెట్టాకు లోపల ఉక్కు గొట్టం ఒకటి వెన్నెముక, ఇంజను నడుమన ఉంటుంది. రెండింటినీ పక్కకు వంచి కిక్కు కొట్టిన వారికి ఈ భేదం మోకాలికి తెలుస్తుంది.

ఆ రోజులలో ఇన్ని పేర్ల స్కూటర్లు ఎందుకు పుట్టాయంటే, బజాజ్ చేతక్ దొరకదు గనుక. ఎవరు ఎన్ని బండ్లు చేయాలో ప్రభుత్వపు లైసెన్సు నిర్ణయించేది. చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూచేవారు. అమ్మాయి పుట్టగానే అల్లుడి కోసం బుక్ చేశామని చెప్పుకొని నవ్వుకొనే వారు మా స్టాఫ్ రూములో ఉండేవారు. పుష్పక్ అట్లా కాదు, అడిగితే దొరికేది. అందుకే దానిపై కొంత చిన్నచూపు కూడా ఉండేది.

నేను 1984లో, 1978 నాటి బండిని, బదిలీ మీద వెళ్తున్న ఒక సహోపాధ్యాయుడి దగ్గర కొన్నాను. సెకండ్ హ్యాండ్ అని ఇంట్లో గునిశారు. పుష్పకం మొదట కుబేరుడిది, రావణుడు లాక్కొన్నాడు, రాముడు అయోధ్య దాకా వాడుకొని తిరిగి కుబేరుడికే పంపాడు, రామాయణంలోనే అది సెకండ్ హ్యాండు అని సమాధానం చెప్పుకొన్నాను. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందన్న మాట మాత్రం మా పుష్పకానికీ వర్తించింది. వెనుక మా ఆవిడ, ఆమె ఒడిలో చిన్నవాడు, ముందు ఫుట్‌బోర్డు మీద బిగించిన ఇనుప స్టూలు పైన అమ్మాయి, హ్యాండిల్‌కు కూరగాయల సంచి.

అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. హయత్‌నగర్ వైపు పాఠశాలకు విజయవాడ రోడ్డు మీదనే ప్రయాణం. ఆ రోడ్డు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. ఎల్.బి.నగర్ దాటితే ఊరు అయిపోయినట్లే, ఆ తరువాత లారీలూ, ఎండా. మా వీధిలో కార్లు మూడంటే మూడు. డాక్టరుగారి ఫియట్, ఒక కంట్రాక్టరుగారి అంబాసిడర్, వీధి చివర రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. హెరాల్డ్ మద్రాసులో తయారైన బండి, చాలావరకు కదలక కానుగ చెట్టు కింద ఉండేది. దాని బానెట్టు ముందుకు మొత్తంగా తెరుచుకొంటుంది. అది తెరిచిన రోజు పిల్లలంతా మొసలి నోరు చూచినట్లు చుట్టూ చేరేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఈ మూడూ ఒకటొకటిగా మాయమయ్యాయి. ప్రీమియర్ పద్మిని తయారీ శతాబ్దం మారే వేళకు ఆగిపోయింది. అంబాసిడర్ మాత్రం 2014 మే దాకా ఈడ్చుకొని వచ్చింది.

నగరంలో దాచిన పాత బండ్లు లేవా అంటే, ఉన్నాయి. చౌమహల్లాలో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూచే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి, చేతికందక మునుపే 1911లో కాలం చేశారని చెబుతారు. కొద్ది వందల మైళ్ళకు మించి తిరగలేదట. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ నాటి ఆల్బియన్ బస్సు ఒకదానిని ఆర్టీసీ వారు కాపాడారు. బహదూర్‌పురాలో సుధాకర్ గారి మ్యూజియంలో చెప్పు ఆకారపు కారూ, వంకాయ ఆకారపు కారూ పిల్లలు చూచి సంతోషిస్తారు.

అయితే ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన వాడు ముకర్రం జా. 1967 ఏప్రిల్ 6న తాతగారి వారసుడిగా చౌమహల్లాలో ఆయనకు పట్టం కట్టారు. గ్యారేజీలో 60 కార్లు. అన్నిటికీ పెట్రోలు, విడిభాగాల ఖర్చు లెక్కల్లో పడుతూనే ఉన్నది, నడిచేవి మాత్రం నాలుగట. పట్టాభిషేకం నుండి ఆయనను తీసికొని పోవలసిన కారే దారిలో మొరాయించిందని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. ఆ రాజుకేమో ఒంటికి నూనె మరకలు చేసికొని ఇంజన్లు విప్పడమంటే ప్రాణం. తరువాత పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం కొనుక్కొని, పాత బుల్‌డోజర్లు బాగు చేసికొంటూ ఏళ్ళు గడిపారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు. ఆయన సంపద మీద రాసిన వ్యాసాలు ఎన్నో ఉన్నాయి గాని, ఆయన పానా పట్టిన చేతి మీద ఎవరైనా తెలుగులో రాస్తే చదవాలని ఉన్నది.

ఇక మా వరండాకు వద్దాం. స్కూటరు పదిహేనేళ్ళు కదలలేదు. విప్పడానికి సాయం వస్తున్నది మలక్‌పేటలో నలభై ఏళ్ళు పని చేసి, షెడ్డు మూసివేసిన ఒక మెకానిక్. నేను ఆయనను ఉస్తాద్ అంటాను, ఆయన నన్ను సార్ అంటాడు. ఆదివారాలు మెట్రోలో ఎల్.బి.నగర్ స్టేషనుకు వచ్చి దిగుతాడు. (ఇదే లైనుకు అవతలి కొస మియాపూరు. ఆల్విన్ చౌరస్తా అక్కడే ఉన్నది.) పాయింట్ల మధ్య సందు చూడడానికి గేజి ఉన్నా, జేబులోంచి పాత బ్లేడు తీసి చూస్తాడు. ఆయన కొడుకులు ఈ పనిలోకి రాలేదు.

గరుకు కాగితం పెట్టి రుద్దుతుంటే రంగులు పొరలు పొరలుగా బయటపడ్డాయి. పైన నేను వేయించిన నీలం, దాని కింద మునుపటి యజమాని తెలుపు, దాని కింద లేత ఆకుపచ్చ, ఆ పైన రెడాక్సైడు, ఇనుము. ఆకుపచ్చే కర్మాగారపు రంగు. ఉస్తాద్ ఒక్కొక్క భాగం చేతిలోకి తీసికొని తీర్పు చెప్పాడు. "సార్, గీ కుడిదిక్కు రేకు దీన్ది కాదు, విజయ్ సూపర్ ది. కార్బురేటర్ బజాజ్ ది. సీటు ఎవ్వల్దో నాక్కూడ ఎర్క లేదు." ఇంజను నంబరూ చాసిస్ నంబరూ ఆర్.సి.తో సరిపోయాయి. ఆ రెండు అంకెలు తప్ప మూలపాఠం అనదగినది మిగిలిందా అని సందేహం కలిగింది.

ఈ సందేహం వట్టి పాండిత్యం కాదు, దాని వెనుక చట్టం ఉన్నది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు నిబంధనలు ప్రకటించింది. యాభై ఏళ్ళు దాటి, మూలరూపంలోనే ఉండి, పెద్ద మార్పులు చేయని కార్లకూ ద్విచక్ర వాహనాలకూ 20,000 రూపాయలు కడితే ప్రత్యేక నమోదు, రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అనే అక్షరాలతో నంబరు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, మరమ్మతుకూ పెట్రోలుకూ తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. మా బండికి 2028లో యాభై నిండుతాయి. మామూలు నమోదు కొనసాగించాలంటే పదిహేనేళ్ళు దాటిన ద్విచక్రాలకు 2022 ఏప్రిల్ నుండి 1,000 రూపాయలు, ఇరవై దాటినవాటికి 2025 ఆగస్టులో దానిని 2,000 చేశారు. కనుక అబ్బాయి ఫోనులో సలహా ఇచ్చాడు. జాంబాగ్‌లోనో, వేరే ఊళ్ళలోనో వెతికి అసలు భాగాలు తెప్పించు నాన్నా, స్టూలు కోసం పొడిచిన రంధ్రాలు మూయించు, వింటేజ్ చేయించుదాం అని.

నిబంధన తప్పని అనను. అది లేకపోతే నాలుగు బండ్ల ముక్కలు అతికి పురాతనమని అమ్ముకొనేవారు పుట్టుకొస్తారు. కాని అది రాజుగారి కారును చూచి రాసిన నిబంధన. తిరగని బండి చెడదు, చెడనిదానికి మార్పు ఉండదు. బడిపంతులు స్కూటరు రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ మూతపడిన తరువాత కూడా తిరగవలసి వచ్చింది. కుడి రేకు విజయ్ సూపర్‌ది ఎందుకైంది? చింతలకుంట దగ్గర లారీ రాసుకొని పోయిన నాటికి హైదరాబాదులో పుష్పక్ రేకులు దొరకడం మానేశాయి గనుక. బజాజ్ కార్బురేటరు ఎందుకైంది? అది ప్రతి దుకాణంలో దొరికేది గనుక. ఆల్విన్ ఎట్లా కనుమరుగైందో ఏ కాగితం చెప్పినా చెప్పకపోయినా ఈ బండి చెబుతున్నది. దీనిని "అసలు" రూపానికి తెస్తే ఆ సాక్ష్యం కబాడీ పాలవుతుంది.

బ్రౌన్ దొర ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత సరిచూపించేవాడు. ప్రతులను పోల్చి పరిష్కరించే ఆ పద్ధతిలో ఒక పాఠాన్ని పైన నిలిపి, తక్కినవాటిని అడుగున చూపడం మాకు నేర్పిన విద్య. అడుగు పాఠాలను చెరిపివేసిన వాణ్ణి మంచి పరిష్కర్త అనరు. లేఖకుడి పొరపాటు ఒక్కొక్కసారి ఆ కాలపు ఉచ్చారణను పట్టి ఇస్తుంది.

అందుచేత ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమ పేజీలో కర్మాగారం నుండి వచ్చినప్పుడు ఉండవలసినది, కుడి పేజీలో ఇప్పుడు ఉన్నది, ఎప్పుడు, ఎందుకు మారింది. ఉస్తాద్ చెబుతుంటే నేను రాస్తున్నాను. ఏ లేత్ షాపులో ఏ బుష్షు తయారు చేయించేవారో, గొలుసు సాగితే ఏం చేసేవారో అంతా ఆయన నోటనే ఉన్నది. ఇప్పటికి నలభై ఒక్క పేజీలు అయ్యాయి. రంగు మాత్రం లేత ఆకుపచ్చే వేయిస్తున్నాను, తెలుపు నాకు మొదటి నుండీ నచ్చలేదు. విజయ్ సూపర్ రేకు ఉంటుంది. స్టూలు రంధ్రాలు నాలుగూ ఉంటాయి. ఉస్తాద్ వాటిలో నీళ్ళు దిగి తుప్పు పడుతుందని రబ్బరు బిరడాలు బిగించాడు. అబ్బాయి ఇంకా ఒప్పుకోలేదు. అమ్మాయిని అడగలేదు.

ఇథనాల్ ఇరవై శాతం కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదని పైపులూ సీళ్ళూ అన్నీ కొత్తవి వేశాము. ఇంజను పోయిన ఆదివారం అయిదో కిక్కుకు అందుకొన్నది, రెండు నిమిషాలు తిరిగి ఆగింది. క్లచ్‌లో ఇంకా ఏదో ఉన్నదట.

మిత్రులలో ఎవరి ఇంటి అటక మీదనైనా పుష్పక్‌తో ఇచ్చిన చిన్న పుస్తకం ఉంటే, అట్ట చిరిగినా, చెదలు కొట్టినా సరే, తెలియజేయగలరు. ఎడమ పేజీలలో ఖాళీలు చాలా ఉన్నాయి.