హైబ్రిడ్ పికప్ ట్రక్కుల పోటీ

హైబ్రిడ్ విత్తనములను మనము చిరకాలముగా ఎఱుగుదుము. హైబ్రిడ్ వాహనమును అట్టి కలయికయే. అందు పెట్రోలు ఇంజనును, విద్యుత్తు మోటారును కలిసి చక్రములను త్రిప్పును; బ్రేకు వేసినపుడు వృథాపోవు శక్తిలో కొంత బ్యాటరీని చేరి మరల అక్కఱకు వచ్చును. 1997లో టొయోటా సంస్థ జపానులో విడుదల చేసిన ప్రియస్ కారుతో ఈ పద్ధతి ప్రసిద్ధి కెక్కెను.

అయితే అమెరికాలో రైతులు, వడ్రంగులు, తాపీపనివారు నమ్ముకొన్నది వెనుక సామాను తొట్టి గల పికప్ ట్రక్కును. ఫోర్డు కంపెనీ 1925లోనే మోడల్ టీ బండికి అట్టి తొట్టిని అమర్చి అమ్మెను. బరువు లాగుటయే ఈ బండికి ప్రాణము. పెట్రోలు ఆదా యగునన్న ఒక్క మాటకు దానిని కొనువారు అరుదు.

జనరల్ మోటార్సు అనుభవమే ఇందుకు సాక్ష్యము. ఆ సంస్థ 2004 నమూనా సిల్వరాడో ట్రక్కున స్వల్పమైన హైబ్రిడ్ ఏర్పాటు చేసి, పనిముట్లు నడుపుటకు కరెంటు ప్లగ్గులను కూడ పెట్టెను. 2009 నమూనాలో మఱింత బలమైన పద్ధతిని తెచ్చెను. ధర హెచ్చు, గిరాకి తక్కువ; 2013 నమూనాతో అదియు ముగిసెను. ఇంతలో 2011లో ఫోర్డు, టొయోటా సంస్థలు ట్రక్కులకు ఉమ్మడిగా హైబ్రిడ్ యంత్రమును నిర్మింప సంకల్పించి, 2013లో విడిపోయి, ఎవరి దారి వారు పట్టిరి.

2020లో ఫోర్డు ఎఫ్-150 హైబ్రిడ్ ట్రక్కు వెలువడెను. కోరినవారికి దాని నుండి 7.2 కిలోవాట్ల కరెంటు లభించును. 2021 ఫిబ్రవరిలో, మన తెలుగువారెందఱో నివసించు టెక్సాసు రాష్ట్రమున, మంచు తుపానువలన విద్యుత్తు నిలిచి లక్షలాది గృహములు చలిలో చిక్కుకొనెను. అప్పుడు కొందఱు ఈ ట్రక్కుల నుండి తీగలు లాగి ఇండ్లలో దీపములు, హీటర్లు వెలిగించుకొనిరి. పనివాని కొఱకు పెట్టిన ప్లగ్గు సంసారమునకు ఆసరా యయ్యెను.

పిదప టొయోటా తన 2022 నమూనా టండ్రాలో మోటారును ముఖ్యముగా బలమునకై వినియోగించి 437 అశ్వశక్తిని సాధించెను. ఫోర్డు మాత్రము 20,000 డాలర్ల లోపు తొలి ధరతో చిన్నదైన మావెరిక్‌ను తెచ్చి, పొదుపు కోరువారిని ఆకర్షించెను.

ఈ చరిత్రలో మనము గమనింపదగినది ఒకటి కలదు. పెద్ద బండివానికి బలము, చిన్న బండివానికి పొదుపు, చీకటిలోనున్న ఇంటికి దీపము: ఎవరి అవసరమును వారికి తీర్చిననాడే ఈ కొత్త యంత్రమునకు ఆదరణ లభించినది.